రెండో గేరులో దొరికిన జీపు

కెరమెరి ఘాటు దిగేటప్పుడు జీపు ఇంజను బంద్ చేసింది నేనే. బ్రేకులు చెడిపోలేదు. లక్సెట్టిపేట రాజేశం మిస్త్రి చేతిపనిలో ఏ లోపమూ లేదు. ఈ మాటలు నేను నలభై ఏళ్ల కింద, నన్ను కన్న మా అవ్వ శవం ఇంకా వాకిట్లో ఉన్నప్పుడే అనవలసినవి. అనలేదు. ఆ రోజు నేను చేసిన తప్పులు రెండు. మొదటిది అవ్వ ప్రాణం తీసింది. రెండోది, బతికున్న ఒక మనిషిని నలభై ఏళ్లు లోపలి నుంచి తిన్నది. మొదటిదానికి ఇరవై ఏళ్ల వయసును సాకుగా చెప్పుకోవచ్చునేమో. రెండోదానికి ఏ సాకూ లేదు.

మొన్న వానాకాలం చివర మా మేనకోడలు మానస, పిల్లలను తీసుకుని కరీంనగర్‌లో మా ఇంటికి వచ్చింది. ఆదిలాబాద్ గుట్టల్లో జలపాతాలు చూడాలన్నది. ఇప్పుడందరికీ అదొక సరదా. శనివారం వస్తే చాలు, ఆ అడవి దారుల్లో కార్లు బారులు తీరి ఉంటాయి. ఘాటు రోడ్డు వెడల్పయింది, మలుపుల దగ్గర అడ్డుగోడలు కట్టారు, పైన ఒకచోట నిలబడి ఫోటోలు దిగుతారు. మానసే కారు నడిపింది. నేను బండి నడపనని ఇంట్లో అందరికీ తెలుసు. ఎందుకు నడపనో తెలుసని కూడా వాళ్లు అనుకుంటారు. ఘాటు మధ్యలో కారు పక్కకు ఆపి, మానస తన కూతురికి ఒక మలుపు చూపించింది. "గిక్కడ్నే మా అమ్మమ్మ సచ్చిపోయింది. ఓ మిస్త్రి బ్రేకులు సరిగ్గ బిగియ్యలే. వాడు సంపిండు," అన్నది. ఆ పిల్ల నా వైపు తిరిగి, "గా మిస్త్రిని పోలీసోళ్లు పట్టుకపోయిండ్రా తాతా?" అని అడిగింది. "లేదు బిడ్డా," అన్నాను. నేను పుట్టించిన అబద్ధం మూడో తరానికి చేరింది, నా ముందే, నేను తల ఊపుతుండగానే. ఆ రోజు నీళ్లు పడే చోట వాళ్లు తడుస్తూ కేకలు వేస్తుంటే నేను దూరంగా ఒక బండ మీద కూర్చున్నాను. పొద్దున తిన్నది పడలేదని చెప్పాను. అదీ అబద్ధమే.

మా బాపు పేరు మల్లయ్య. లక్సెట్టిపేటలో జీపు మల్లయ్య అంటే అందరికీ తెలుసు. జన్నారం దాకా, దండేపల్లి దాకా సవారీలు కొట్టేవాడు. తెల్లవారుతుండగా లేచి, రేడియేటర్‌లో నీళ్లు పోసి, బానెట్ మీది మంచును తన భుజం మీది తువ్వాలతోనే తుడిచేవాడు. వేరే గుడ్డ ముట్టనిచ్చేవాడు కాదు. స్టీరింగ్ నడుమ కుంకుమ బొట్టు పెట్టి, ముందు అద్దానికి ఊదుబత్తి చూపించి, అప్పుడు సెల్ఫ్ తిప్పేవాడు. ఇంట్లో అవ్వ జొన్నరొట్టె చరిచే చప్పుడు, బయట ఆ ఇంజను దగ్గే చప్పుడు, ఈ రెండూ వినబడితేనే మాకు తెల్లవారినట్టు. బాపు బట్టలు డీజిల్ వాసన కొట్టేవి. అవ్వ వాటిని మా బట్టలతో కలపకుండా సోడా వేసిన వేడినీళ్లలో నానబెట్టి, బండ మీద కొడుతూ, "గీ మనిషి చెమట గూడ డీజిలే అయితది ఎన్నడో," అని సణిగేది. ఇప్పటికీ పెట్రోలు బంకు ముందు నుంచి పోతుంటే నాకు గుర్తొచ్చేది జీపు కాదు, అవ్వ చేతులు.

మా జీపు పని అంతా రాజేశం మిస్త్రి చూసేవాడు. గోదావరి వైపు పోయే తొవ్వలో ఒక రేకుల షెడ్డు, అందులో నట్లు కడిగే గ్యాసునూనె వాసన, గోడకు వరుసగా తగిలించిన, బోల్టులు బిగించే పానాలు. మాటలు తక్కువ. ఆయనకొక అలవాటుండేది. బ్రేకు పని చేసిన ప్రతి బండినీ రేవు దిక్కు ఉన్న వాలులో తానొకసారి దింపి ఆపుతాడు. తర్వాత బండి యజమాని వచ్చి, సీట్లో కూర్చుని, స్వయంగా పెడలు తొక్కి చూస్తేనే తాళం చేతికిస్తాడు. మేము గుట్టల్లోకి పోయే ముందు రోజు కూడా అదే చేశాడు.

"కొత్త లైనింగులేసిన మల్లన్నా. ఏదీ, నువ్వే తొక్కి సూడు."

"నువ్వు తొక్కినవు గద, సాలదా?" అన్నాడు బాపు.

"నేను తొక్కితె నాకు తెలుస్తది. బండి కొట్టేది నువ్వు."

బాపు నవ్వుతూ ఎక్కి తొక్కాడు. నేను పక్కన నిలబడి ఉన్నాను. నాకు కొత్తగా లైసెన్సు వచ్చింది. రాజేశం నా వైపు చూసి, "ఏం డ్రైవర్ సాబ్, మీ బాపు స్టీరింగు ఇడిసేటట్టు లేడు గని, ఇచ్చిండే అనుకో, ఘాటు దిగేటప్పుడు రెండో గేరు ఇడిసిపెట్టకు. బండిని ఇంజను పట్టుకోవాలె. బ్రేకు మీద పానం పెట్టుకుంటె కొలిమి లెక్క కాలుతయ్," అన్నాడు. "నాకు తెల్వదా కాకా," అన్నాను. నిజంగానే తెలుసు. కాని జీపుల అడ్డాలో మా వయసు వాళ్లు చెప్పుకునే గొప్పలు వేరు. గుట్ట మీద ఇంజను బంద్ చేసి, న్యూట్రల్‌లో, చప్పుడు లేకుండా, కింద చాయ్ హోటలు కాడికి దించినవాడే మొనగాడు. డీజిల్ మిగులుతుందని మొదలైన అలవాటు అది. మాకు పందెమైపోయింది. నేను ఒక్కసారి కూడా దించలేదు. అడ్డాలో ఆ మాట వచ్చినప్పుడల్లా నేను బీడీ ముట్టించుకోవడానికి పక్కకు పోయేవాణ్ని.

శారదక్క అప్పుడు ఘాటు పైన ఒక గూడెంలో ఉండేది. బావ అక్కడ బడిపంతులు. తొలి కాన్పుకు అక్కను మా ఇంటికి తెచ్చుకోవాలని అవ్వ అన్నీ సిద్ధం చేసుకుంది గాని, నెలలు నిండకముందే అక్కడే పాప పుట్టింది. ఆ పాపే మానస. తల్లి చేయవలసిన చాకిరి బిడ్డకు చేయలేకపోతినని అవ్వకు దిగులు. పాపకు రెండో నెల పడగానే, తోలుకొచ్చి మూడు నెలలు పెట్టుకుంటానని పట్టుబట్టింది. అలా బాపు, అవ్వ, నేను బయలుదేరాం. కార్తీకం పోయిన కొత్త. దారి పొడుగునా పత్తి తెల్లగా పగిలి ఉంది. ఆసిఫాబాద్ దాటాక చలి మొదలైంది. ఘాటు ఎక్కుతుంటే టేకుచెట్ల నడుమ నుంచి మంచు రోడ్డు మీదికి పొగలా దిగుతోంది. బాపు రెండో గేరులో, ఒక్క మాట మాట్లాడకుండా, స్టీరింగ్ మీదికి వంగి ఎక్కించాడు. అవ్వ కళ్లు మూసుకుని కొండ దిక్కు మొక్కుతూనే ఉంది.

అక్క ఇంట్లో రెండు రోజులున్నాం. అవ్వ పొద్దూకులూ పాపకు నూనె రుద్దుడు, వేడినీళ్లు పోసుడు, వాము పొగ వేసుడు. ఆ రెండు రోజులే ఆమె అమ్మమ్మగా బతికింది. రెండో రోజుకు బాపుకు చలిజ్వరం పట్టింది. రెండు గొంగళ్లు కప్పినా పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. బడి విడిచి రాలేని బావ, "రెండు దినాలు ఆగుండ్రి మామా," అని బతిమాలాడు. "గీడ పండుకుంటె ఎవలు మందిస్తరయ్యా? ఆసిఫాబాద్ల సూదేయించుకుంట. పిలగాడు కొడ్తడు తియ్," అన్నాడు బాపు. తాళం నా చేతికి అలా వచ్చింది. వెనక సీట్లో బాపు గొంగడి ముసుగులో పడుకున్నాడు. ఆయన పక్కనే అక్క పాపను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అవ్వ ముందు, నా ఎడమ పక్కన.

ఘాటు మొదట్లో ఇంజను మోతకు పాప గుక్కపట్టి ఏడ్చింది. అక్క ఎట్లనో సముదాయించి, తానూ వెనక్కి ఒరిగి నిద్రపోయింది. "జర సప్పుడు తక్కువ చెయ్యి కొడుకా, బిడ్డ ఇప్పుడిప్పుడే కన్ను మూసింది," అన్నది అవ్వ. నేను న్యూట్రల్ చేసి తాళం తిప్పేశాను. పాప కోసమే బంద్ చేశానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. తాళం చేతికి వచ్చిన నిమిషంలోనే నేను నిర్ణయించుకున్నాను. అవ్వ మాట నాకు ఒక వంక ఇచ్చింది, అంతే.

"ఏమైందిరా, బండి ఆగిందా?"

"ఆగలేదవ్వా. ఊకెనే పోతుంది, సూడు."

చప్పుడు లేని జీపు వాలులో జారిపోతుంటే అవ్వ చిన్నపిల్లలా నవ్వింది. "మీ బాపుకు గూడ రాదు గదరా గిట్ల! గాలిల తోలుకపోతున్నవు," అన్నది. నా గురించి ఆమె గర్వపడి అన్న ఆఖరు మాట అది. ఆ మాటను నేను ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. చెబితే మిగిలినదంతా చెప్పాలి.

రెండు మలుపులు బాగానే తిరిగాను. మూడోదానికి ముందు వెంట్రుకలు కాలినట్టు వాసన వచ్చింది. బ్రేకు తొక్కితే బండి తగ్గలేదు. రెండు కాళ్లతో నిలబడ్డట్టు తొక్కాను. గేరు వేయబోతే పళ్లు కరకరమన్నాయి తప్ప పడలేదు. కుడి దిక్కు లోయ. ఎడమ దిక్కు కొండ. కొండకు రాసుకుంటూ పోతే ఆగుతుందని స్టీరింగ్ ఎడమకు తిప్పాను. అది సరైన పనే. లోయలో పడితే ఎవరమూ మిగలం. కాని అవ్వ కూడా ఎడమ దిక్కే కూర్చుంది. బండరాయి జీపు ఎడమ పక్కనంతా నలిపేసింది.

ఇక నా రెండో తప్పు. జీపు ఆగింది. వెనక పాప ఏడుస్తోంది, అక్క అరుస్తోంది, బాపు గొంగడిలో చిక్కుకుని "ఏమైంది, ఏమైంది" అంటున్నాడు. అవ్వ తల నా భుజం మీదికి వాలి ఉంది. ఆమె ఇంకా ఊపిరి తీస్తోంది, నాకు వినబడుతోంది. అప్పుడు నా చెయ్యి అవ్వ దిక్కు పోలేదు. తాళం మీదికి పోయింది. తాళం ఆన్ వైపు తిప్పాను. క్లచ్ తొక్కి, గేరు రాడ్డును రెండో గేరులోకి నెట్టాను. ఆ తర్వాతే "అవ్వా" అన్నాను.

రోడ్డు పక్క గూడెం మనుషులు మంచం తెచ్చారు. అవ్వను దాని మీద మోసుకుంటూ రోడ్డు వెంట దించారు. వాళ్లలో ఒక ముసలాయన నా భుజం పట్టుకుని, ఏడవకు అని మరాఠీలో చెబుతూ నా వెంటే నడిచాడు. కింద ఒక లారీ దొరికింది. ఆసిఫాబాద్ చేరకముందే అవ్వ పోయింది. దవాఖాన మెట్ల మీద బాపు నా రెక్క పట్టుకుని ఊపి, "ఎట్లయిందిరా?" అన్నాడు. "బ్రేకులు పడలే బాపూ," అన్నాను. ఇంకేమీ అనలేదు. అనవలసిన అవసరం పడలేదు.

అవ్వ దినాలు కాకముందే బాపు జీపుల అడ్డాలో నిలబడి, డ్రైవర్లందరి ముందు రాజేశం పేరెత్తి మన్ను పోశాడు. "నా పెండ్లాన్ని సంపిండు. వాని దగ్గరికి ఎవడన్న పోతె నా శవం మీదికెల్లి పోవాలె," అన్నాడు. రాజేశం ఎదురు మాట్లాడలేదు. ఆయన అప్పటికే ఒక్కడే కెరమెరి పోయి జీపును చూసి వచ్చాడు. గుద్దుడుకు బ్రేకు నూనె పైపులు తెగిపోయి ఉన్నాయి, వాటిని బట్టి ఏమీ తెలియదు. కాని తాళం ఆన్‌లో ఉంది. గేరు రెండోదాంట్లో ఉంది. పిలగాడు తాను చెప్పినట్టే దిగాడు, అయినా బండి ఆగలేదు, అంటే తప్పు తన చేతిదే అని ఆయన తనకు తానే తీర్పు చెప్పుకున్నాడు. నేను పెట్టిన ఆ గేరును ఆయన నమ్మాడు. కొన్ని నెలల్లో షెడ్డు మూతపడింది. ఆయన కొడుకు చదువు మానేసి మస్కట్ పోయాడు. నేను బొగ్గుబాయిలో కొలువు సంపాదించుకుని గోదావరిఖని క్వార్టర్లకు వెళ్లిపోయాను. భూమి లోపల చీకట్లో పని నాకు నచ్చింది. అక్కడ నన్నెవరూ ఏమీ అడగరు. బాపు ఆఖరి రోజుల్లో మంచం మీద పడి కూడా ఆ మిస్త్రిని తిట్టేవాడు. నేను ఆయన కాళ్లు పిసుకుతూ విన్నాను.

జలపాతం దగ్గరి నుంచి వచ్చిన మూడో రోజు లక్సెట్టిపేట పోయాను. రాజేశం కాక రోడ్డు పక్కన ఒక పంక్చర్ డబ్బా ముందు కూర్చుని, నీళ్ల తొట్టిలో సైకిల్ ట్యూబు ముంచి బుడగలు చూస్తున్నాడు.

"ఎవలు?"

"జీపు మల్లయ్య కొడుకును కాకా."

ఆయన ట్యూబు వదిలేశాడు. లేవబోయి, లేవలేక అలాగే కూర్చున్నాడు. "మీ బాపు పోయిండని ఇన్న. రాలేకపోయిన. ఏ మొకం పెట్టుకొని అస్త చెప్పు," అన్నాడు.

నేను నేల మీద కూర్చుని చెప్పాను. ఇంజను బంద్ చేసిన సంగతి చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"కాదు. గేరు రెండోదాంట్ల ఉండె. నా కండ్లతోని సూసిన."

"నేనే పెట్టిన కాకా. గుద్దినంక."

ట్యూబు నీళ్లలో ఒక పక్కకు తేలుతోంది. తర్వాత ఆయన అడిగాడు, మెల్లగా, డాక్టరు రోగిని అడిగినట్టు.

"తొక్కినప్పుడు పెడలు ఎట్లుండె? గట్టిగుండెనా, అడుగుదాంక పోయెనా?"

"గట్టిగనే ఉండె. రాయి లెక్క."

"అడుగుకు పోలే?"

"పోలే."

"గట్టిగుంటె నూనె మంచిగున్నట్టు. బిగింపు మంచిగున్నట్టు. ఉత్త వేడికి లైనింగు పట్టు ఇడిసింది," అన్నాడు. నాతో కాదు, తన చేతులతో అన్నట్టు. ఇన్నేళ్లలో ఆయనకు కావలసింది ఈ ఒక్క జవాబే. అడ్డాలో ఎవరైనా నన్ను ఆ ప్రశ్న అడిగి ఉంటే తేలిపోయేది. ఎవరూ అడగలేదు. తల్లి చచ్చినవాణ్ని ఏమడుగుతారు?

"గా దినం నుంచి నేను బ్రేకు పనికి పాన ముట్టలే," అన్నాడు. "ఎన్క చక్రం నట్టు ఊడకుండ పిన్ను వంచిన్నా లేదా, వంచిన్నా లేదా... అన్నం తింటుంటె యాదికస్తది, ముద్ద చేతిలనే ఉండిపోతది. నా కొడుక్కు పని నేర్పలే. మస్కట్ల ఇటుకలు మోసిండు వాడు. నా చేతి పని వానికెందుకు, ఎవల్నన్న సంపుతడు అనుకున్న." ఆయన గొంతు పెరిగింది. "నీకు తెలుసు! నువ్వు బతికున్నవు, నీకు తెలుసు, ఊకున్నవు! లే. లే ఈడికెల్లి."

లేచాను. రోడ్డు దాకా వచ్చాక వెనక నుంచి పిలిచాడు.

"ఇగో, ఇను. నా చెవుల గుసగుస పెడితె ఏం ఫాయిద? మీ బాపు నా పేరు నలుగుట్ల, మంది ముంగట తీసిండు. నువ్వు గూడ నలుగుట్లనే చెప్పు."

ముందు అక్క దగ్గరికి పోయాను. అక్క చిక్కుడుకాయలు తుంచుతోంది. చెబుతున్నంతసేపూ చేతులు ఆపలేదు. మానస మాత్రం గది గుమ్మంలో నిలబడిపోయింది. చివరకు అక్క అన్నది, "బాపు సచ్చేదాంక గాయన్ను తిట్టుకుంటనే సచ్చిండు. నువ్వు కాళ్ల కాడ కూసున్నవు. అప్పుడన్న నోరు రాలేదారా?" ఇంకో కాయ తీసుకుంది. "అవ్వ సంగతి దేవునికెరుక. చిన్నపిలగానివి, చేసినవు. బాపును అబద్ధంల సాగనంపినవు సూడు, దానికి నేను నిన్ను మాఫ్ చెయ్య," అన్నది. ఆ తర్వాత పెద్దలకు బియ్యమిచ్చే పెత్రమాసకు ఆమె మా ఇంటికి రాలేదు. రమ్మనే ముఖం నాకూ లేదు.

అడ్డాకు పోయాను. అక్కడ ఇప్పుడు ఆటోలే. ఒక్క జీపూ లేదు. నేను నిలబడి చెబుతుంటే పిల్లలు సెల్‌ఫోన్ల నుంచి తలెత్తి, "ఏ తాత, ఎవరి సంగతి?" అన్నారు. ఒకడు నన్ను తాగినవాణ్ని అనుకుని నీళ్ల సీసా ఇచ్చాడు. బాపు మాట విన్నవాళ్లు ఒక్కరూ అక్కడ లేరు. తప్పు చేయడం ఒక్క నిమిషం పని. దాన్ని వాపసు తీసుకుందామంటే విన్నవాళ్లు కావాలి కదా, వాళ్లలో చాలామంది కాటికి పోయారు. తిరిగి రాజేశం కాక దగ్గరికి వచ్చి ఆ మాట చెప్పాను. ఆయన కళ్లు మూసుకుని, ఆనాడు అడ్డాలో ఎవరెవరు నిలబడి ఉన్నారో వరుసగా చెప్పాడు. ఒక్క పేరూ మరిచిపోలేదు.

అప్పటి నుంచి ఇళ్లు తిరుగుతున్నాను. బతికున్నవాళ్లు కొందరు. పోయినవాళ్ల భార్యలు, కొడుకులు. దండేపల్లిలో ఒకాయన చాయ్ ఇచ్చి, "ఇప్పుడెందుకయ్యా గివన్ని," అన్నాడు. జన్నారంలో పోశం అనే ముసలి డ్రైవరు మంచం మీద నుంచే నా ముఖం మీద ఉమ్మాడు. ఆయన రాజేశం దగ్గరికి బండి తీసుకుపోవడం మానేసిన మొదటి మనిషి. మంచిర్యాలలో ఒక ఆమె తన మగడి ఫోటో ముందు నన్ను నిలబెట్టి, "ఆయనకు చెప్పు," అన్నది. చెప్పాను. ప్రతి ఇంటి తర్వాత పంక్చర్ డబ్బా దగ్గరికి వచ్చి, పోయొచ్చానని చెబుతాను. ఆయన తల ఊపుతాడు. కూర్చోమనడు. క్షమించాననీ అనడు. నేనూ అడగను.

పోయిన వారం ఇక అయిపోయాయనుకున్నాను. ఆయన ట్యూబుకు రంధ్రం వెతుకుతూ, తల ఎత్తకుండానే అన్నాడు:

"ఇంకొగడున్నడు. కనకయ్య. హుజూరాబాద్‌ల బిడ్డ ఇంట్ల ఉంటుండు. చెవులు వినరావు వానికి. జర గట్టిగ చెప్పు."

మరునాడే హుజూరాబాద్ బస్సెక్కాను. కనకయ్య వాకిట్లో ఎండకు కూర్చుని ఉన్నాడు. మొదటిసారి చెబితే వినబడలేదు. చెవి దగ్గర నోరు పెట్టి చెబుదామనుకున్నాను, కాని గుసగుస వద్దని ఆగాను. నాలుగడుగులు వెనక్కి జరిగి, ఊపిరి పీల్చుకుని, మొదటి నుంచి అరిచి చెప్పడం మొదలుపెట్టాను. పక్క ఇంటి గోడ మీద రెండు తలలు లేచాయి. ఎదురింటి ఆడవాళ్లు చేటలు పట్టుకుని వాకిట్లోకి వచ్చారు. నేను గొంతు తగ్గించలేదు.